నాలుగు కబుర్లకూ రాని డాక్టరు: ఒమాహా ఆడబిడ్డ సుసాన్ లా ఫ్లెష్ పికాట్ జీవితం

ఒక రాత్రి ఒక ముసలమ్మ ప్రాణం మీదికి వచ్చింది. పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. ఏజెన్సీ డాక్టరు కోసం మనిషిని పంపారు. వస్తున్నానన్న జవాబు వచ్చింది గానీ డాక్టరు రాలేదు. మళ్ళీ మనిషిని పంపారు. మళ్ళీ అదే జవాబు. అలా నాలుగుసార్లు కబురు వెళ్ళింది. తెల్లవారే లోపల ముసలమ్మ కన్నుమూసింది. డాక్టరు మాత్రం రానే లేదు. పోయింది ఒక ఇండియన్ ముసలిదే కదా, ఆయనకు అదేమంత పెద్ద విషయం కాదని ఆ పిల్లకు అర్థమైంది. పెద్దయ్యాక తాను డాక్టరు కావడానికి కారణం ఏమిటని అడిగినవాళ్ళకు ఆమె చెప్పింది ఈ రాత్రి గురించే.

ఇది 1870లలో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, మిస్సోరీ నది ఒడ్డున ఒమాహా తెగ ఉండే నేల మీద జరిగింది. ఆ పిల్ల పేరు సుసాన్ లా ఫ్లెష్. అమెరికా ఆదివాసీలలో డాక్టరు పట్టా పొందిన మొదటి స్త్రీ. మన సంచికలో ఎక్కడో సముద్రాల అవతలి మనిషి కథ ఎందుకని కొందరు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడగవచ్చు. డోలీ కట్టి నిండు గర్భిణిని వాగు దాటించడం ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఆ రాత్రి గురించి విడమరిచి చెప్పనక్కరలేదు. చేతిలో డబ్బు లేదు, దగ్గర్లో డాక్టరు లేడు, ఉన్న డాక్టరుకు మనం మనుషుల్లా కనబడం. అలాంటి చోట వైద్యాన్ని ఎవరు తెస్తారు, ఎక్కడి నుంచి తెస్తారు, దానికి ఏం చెల్లించాల్సి వస్తుంది? ఈ ప్రశ్నల కోసమే మేము ఈ జీవితాన్ని మీ ముందు పెడుతున్నాం.

ముందుగా ఒక్క మాట విడమరచాలి. అక్కడ రిజర్వేషన్ అంటే మనకు తెలిసిన చదువుల, ఉద్యోగాల కోటా కాదు. తెగ తిరిగిన విశాలమైన నేలనంతా ఒప్పందాల పేరుతో తీసుకున్నాక, గీత గీసి మిగిల్చిన ముక్కను రిజర్వేషన్ అంటారు. దాని మీద ప్రభుత్వం తరఫున ఒక ఏజెంటు ఉండేవాడు. రేషను, బడి, వైద్యం, భూమి కౌలు అన్నీ ఆయన చేతి మీదుగానే జరిగేవి. మన కొండల్ని కూడా తెల్లదొరలు గవర్నరు ఏజెంటు కింద పెట్టబట్టే వాటికి ఏజెన్సీ అనే పేరు వచ్చింది. దేశాలు వేరైనా పాలించినవాళ్ళ నిఘంటువు ఒకటే.

సుసాన్ 1865 జూన్ 17న పుట్టింది. తండ్రి జోసెఫ్ లా ఫ్లెష్‌కు తెగలో ఇనుప కన్ను అని పేరు. తెగ నాయకుడు. ఆయన తండ్రి ఫ్రెంచి వర్తకుడు, తల్లి ఆదివాసీ. సుసాన్ తల్లి మేరీ కూడా అలాంటి మిశ్రమ కుటుంబంలో పుట్టినదే. మేరీ తండ్రి అమెరికా సైన్యంలో డాక్టరు. అంటే సుసాన్ తాతల్లో ఒకరు డాక్టరే అన్నమాట. కానీ ఆ తాత వల్ల ఈ మనవరాలికి ఒరిగిందేమీ లేదు, సైన్యం కదిలినప్పుడు ఆయనా కదిలిపోయాడు.

ఇనుప కన్ను ఆలోచనలు ఆ రోజుల్లో తెగలోనే చాలామందికి నచ్చలేదు. తెల్లవాళ్ళు ఇక వెనక్కి పోరని ఆయనకు నిశ్చయంగా తోచింది. బైసన్ మందలు కనుమరుగవుతున్నాయి, వేట మీద బతకడం ముందు ముందు కుదరదు. కాబట్టి పిల్లలు వాళ్ళ చదువు చదవాలి, వాళ్ళ భాష నేర్వాలి, పొలం దున్నాలి అన్నాడు. గౌరవ చిహ్నంగా ఆడపిల్లల నుదుటి మీద వేసే పచ్చబొట్టు తన కూతుళ్ళకు వేయనివ్వలేదు. ఆ గుర్తుతో వాళ్ళు బయటి లోకంలో ఇబ్బంది పడతారని భయపడ్డాడు. అలాగని తమ వాళ్ళమన్న మాటను మాత్రం కూతుళ్ళు మరిచిపోనివ్వలేదు. ఇంట్లో ఒమాహా భాషే మాట్లాడేవారు. సారా విషయంలో మాత్రం ఆయన చాలా కఠినంగా ఉండేవాడు. తెగలోకి సారా రానీయకుండా సొంతంగా కాపలా మనుషుల్ని పెట్టాడు. జబ్బు చేసి ఒక కాలు తీసేయాల్సి వస్తే, కృత్రిమ కాలుతోనే ఈ పనులన్నీ చేశాడు. ఆయన దారి సరైనదా కాదా అని ఒమాహా వాళ్ళు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. మాకూ అందులో కొన్ని సందేహాలు ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు నలుగురూ నలుగురే.

పెద్దక్క సుసెట్‌ను మెరిసే కళ్ళు అనేవారు. 1879లో పోంకా తెగ నాయకుడు నిలబడ్డ ఎలుగు తన కొడుకు ఎముకల్ని సొంత నేలలో పాతిపెట్టడానికి బయలుదేరి అరెస్టయితే, ఆయన కేసు కోర్టుకెక్కింది. ఇండియను కూడా చట్టం దృష్టిలో మనిషేనని తీర్పు వచ్చింది. ఆ తర్వాత ఆయన ఊరూరా తిరిగి మాట్లాడినప్పుడు ఆ మాటల్ని ఇంగ్లీషులో వినిపించింది సుసెట్టే. రొసాలీ తెగ పశువుల లెక్కలూ భూముల వ్యవహారాలూ చూసుకుంది. మార్గరెట్ టీచరైంది. సవతి అన్న ఫ్రాన్సిస్ తెగ పాటల్నీ ఆచారాల్నీ రాసి భద్రపరిచిన పండితుడయ్యాడు. చిన్నదానికి మిగిలింది వైద్యం.

రిజర్వేషన్‌లోని మిషన్ బడి అయ్యాక పద్నాలుగేళ్ళకే సుసాన్ రైలెక్కి, అక్క మార్గరెట్‌తో కలిసి దూరాన న్యూజెర్సీలోని బడికి వెళ్ళింది. మూడేళ్ళకు తిరిగి వచ్చి తెగ పిల్లలకు కొంతకాలం చదువు చెప్పింది. ఆ రోజుల్లోనే ఆలిస్ ఫ్లెచర్ అనే పరిశోధకురాలు ఒమాహా నేల మీద పనిచేస్తూ కీళ్ళ జబ్బుతో మంచాన పడింది. సుసాన్ ఆమెకు సేవ చేసింది. ఈ పిల్ల చేతిలో వైద్యం ఉందని ఫ్లెచర్‌కు అనిపించింది, చదవమని వెంటబడింది. 1884లో వర్జీనియాలోని హాంప్టన్‌కు వెళ్ళింది. అది బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్ళ పిల్లల కోసం పెట్టిన బడి. తర్వాత ఆదివాసీ పిల్లల్ని కూడా చేర్చుకున్నారు. 1886లో బంగారు పతకంతో చదువు ముగించింది. అక్కడి డాక్టరమ్మ మార్తా వాల్‌డ్రన్ తాను చదివిన ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టమంది.

సీటు ఒక సంగతి, డబ్బు మరో సంగతి. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. పేదింటి ఆదివాసీ పిల్ల డాక్టరు చదవాలంటే అప్పట్లో స్కాలర్‌షిప్ అనే మాటే లేదు. ఫ్లెచర్ కనెక్టికట్ రాష్ట్రంలో ఆదివాసీల కోసం పనిచేసే మహిళా సంఘానికి ఉత్తరం రాసింది. సంఘం అధ్యక్షురాలు సారా కిన్నీ చందాలు కూడబెట్టింది, ఇండియన్ వ్యవహారాల శాఖనూ అడిగింది. శాఖ ఏడాదికి 167 డాలర్లు ఇస్తానంది. పెద్ద చదువుకు అమెరికా ప్రభుత్వం నుంచి సహాయం పొందిన మొదటి ఆదివాసీ సుసానే అని చెబుతారు. మిగిలిన ఖర్చు ఆ సంఘం స్త్రీలు భరించారు. బట్టలు కూడా వాళ్ళే పంపారు.

కానీ ఆ సాయానికి షరతులు ఉన్నాయి. చదువు పూర్తయ్యేవరకూ, ఆ తర్వాత కొన్నేళ్ళ పాటూ పెళ్ళి చేసుకోకూడదన్నది అందులో ఒకటి. తెగకు సేవ చేయాల్సిన డాక్టరు సంసారంలో పడిపోకూడదని వాళ్ళ ఉద్దేశం. అప్పటికే సుసాన్ మనసులో హాంప్టన్‌లో పరిచయమైన ఒక సియూ యువకుడు ఉన్నాడు. ఆమె అతన్ని వదులుకుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సంఘాల స్త్రీలు మంచివాళ్ళే గానీ, ఆదివాసీలు ఆదివాసీలుగా మిగలకూడదన్నది వాళ్ళ కోరిక. వాళ్ళ దృష్టిలో ఇల్లు, దుస్తులు, దేవుడు, వంట అన్నీ తమలాగే మారితేనే బాగుపడినట్టు. ఉచితంగా వచ్చే చేయి ఏ భుజానికి తగిలించి ఉందో చూసుకోవాలని మన పెద్దలు ఊరికే అనరు. సుసాన్ అది చూడలేదని మేము అనుకోం. చూసింది, తన పనికి కావలసినంత తీసుకుంది.

ఫిలడెల్ఫియా కాలేజీ గురించి మనవాళ్ళకు దగ్గరగా తోచే విషయం ఒకటి చెప్పాలి. సుసాన్ చేరిన 1886లోనే, కొద్ది నెలల ముందు, మన దేశం నుంచి వెళ్ళిన ఆనందీబాయి జోషి అదే కాలేజీలో పట్టా తీసుకుంది. క్షయతో మర్నాటి ఏడాదే పూణేలో చనిపోయింది. ఆమెకు రోగుల్ని చూసే అవకాశం దక్కలేదు. సుసాన్‌కు దక్కింది. 1889 మార్చిలో 36 మంది ఉన్న తరగతిలో మొదటి స్థానంలో నిలిచి పట్టా అందుకుంది. అమెరికాలో ఆడవాళ్ళందరికీ ఓటు హక్కు రావడానికి ఇంకా 31 ఏళ్ళు ఉంది. కూతురు డాక్టరవడం చూడకుండానే అంతకు ముందు ఏడాది ఇనుప కన్ను కన్నుమూశాడు.

ఇక్కడి నుంచి మేము కూడా డాక్టరమ్మ అనే అంటాం.

డాక్టరమ్మ 1889 ఆగస్టులో ఇంటికి తిరిగి వచ్చారు. ప్రభుత్వం ఆమెకు ఇచ్చిన పని తెగ పిల్లల హాస్టల్ బడిలో వైద్యం చూడడం. బడి గదిలోనే మందుల బీరువా, బల్ల, కుర్చీ. కానీ పిల్లల కోసం పెట్టిన ఆ తలుపు దగ్గర కొద్ది రోజుల్లోనే పెద్దవాళ్ళు బారులు తీరారు. తమ భాషలో జబ్బు చెప్పుకోగలిగిన డాక్టరు అంతకు ముందు వాళ్ళకు ఎన్నడూ లేరు. మనకు తెలిసినదే, ఎక్కడ నొప్పి అని అడిగితే సైగ చేసి చూపించడం వేరు, ఎప్పటి నుంచి ఎలా వస్తుందో సొంత మాటల్లో చెప్పుకోవడం వేరు. తెల్ల డాక్టరు ఉండగానే జనం ఈమె దగ్గరికి వచ్చారు. కొన్నాళ్ళకే ఆయన వెళ్ళిపోయారు. తెగ మొత్తం ఈమె బాధ్యత అయింది.

మొత్తం అంటే 1,244 మంది. నేల దాదాపు 1,350 చదరపు మైళ్ళు అంటారు. రోడ్లు లేవు. గుర్రమెక్కి తిరిగారు, తర్వాత గుర్రపు బండి కొనుక్కున్నారు. జీతం ఏడాదికి 500 డాలర్లు. మహిళా సంఘం మరో 250 ఇచ్చేది. ఈ రెండో డబ్బు చిన్నదే గానీ చాలా పని చేసింది. ప్రభుత్వ మందులు ఎప్పుడూ చాలవు. జబ్బుతో లేవలేని ఇంట్లో మందు ఒక్కటే ఇస్తే సరిపోదు, తినడానికి ఏమీ ఉండదు. డాక్టరమ్మ పాలు, గుడ్లు, మాంసం పులుసు మోసుకెళ్ళి కొన్నిచోట్ల స్వయంగా వండి పెట్టిన రోజులు ఉన్నాయి. క్షయ, విషజ్వరాలు, విరేచనాలు, కంటి కురుపులు ఆ నేలను పట్టి పీడిస్తున్న రోజులవి. 1891 చలికాలంలో ఇన్‌ఫ్లూయెంజా ఊళ్ళను ఊపేసింది. గడ్డకట్టే చలిలో పొద్దున బయలుదేరి రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరేవారు.

వైద్యం ఒక్కటే ఆమె పని కాదు. ఉత్తరం వస్తే చదివి పెట్టాలి, ఏజెంటుకు అర్జీ రాయాలి, కౌలు కాగితం మీద ఏముందో చెప్పాలి, మొగుడూ పెళ్ళాల తగవు తీర్చాలి, చనిపోయినవాళ్ళ దగ్గర నాలుగు మాటలు మాట్లాడాలి. మన ఊళ్ళల్లో చదువుకున్న ఆడపిల్ల ఎవరైనా ఉంటే ఆమె నెత్తిన ఏమేం పడతాయో మీకు తెలుసు కదా.

నాలుగేళ్ళు. ఆ తర్వాత శరీరం సహకరించలేదు. చెవిలో మొదలైన నొప్పి తలకూ మెడకూ వెన్నుకూ పాకింది. వారాల తరబడి మంచాన ఉండాల్సి వచ్చింది. తల్లి ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1893లో ఉద్యోగానికి రాజీనామా చేశారు. మరుసటి ఏడాది, పెళ్ళి మాట ఎత్తకూడదన్న గడువు తీరాక, హెన్రీ పికాట్ అనే సియూ మనిషిని పెళ్ళాడారు. బాన్‌క్రాఫ్ట్ అనే చిన్న ఊళ్ళో కాపురం. ఇద్దరు కొడుకులు, కారిల్, పియెర్. పెళ్ళయ్యాక వైద్యం మానేస్తారేమోనని చందాలిచ్చిన స్త్రీలకు దిగులు ఉండేది. మానలేదు. సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. తెల్లవాళ్ళూ వచ్చారు, ఒమాహాలూ వచ్చారు. పిల్లల్ని వెంటబెట్టుకుని రోగుల ఇళ్ళకు వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. రాత్రిపూట కిటికీలో లాంతరు వెలిగించి పెట్టేవారు. దారి తప్పినవాడు కూడా ఆ వెలుగు చూసి తలుపు తట్టగలగాలని ఉద్దేశం.

ఆ ఇంట్లో ఒక బాధ కూడా ఉంది. హెన్రీ తాగేవాడు. క్షయ కూడా పట్టుకుంది. 1905లో పోయాడు. జీవితమంతా సారాకు వ్యతిరేకంగా మాట్లాడిన మనిషి ఇంట్లోనే సారా ఆయన్ని తినేసింది. తండ్రి కాపలా పెట్టి ఆపిన సారా, ఆయన పోయాక తెగలోకి వరదలా వచ్చింది. బాకీల్లో, కౌలు మోసాల్లో, చివరికి వేలిముద్రలు వేయించుకోవడంలో కూడా సారా సీసానే మధ్యవర్తి. ఈ సంగతి డాక్టరమ్మ అధికారులకు రాసి రాసి విసిగిపోయారు. 1906లో రిజర్వేషన్‌లో కొత్త ఊళ్ళు వెలిసినప్పుడు, అక్కడ ఇళ్ళ స్థలాల పత్రాల్లో సారా అమ్మకూడదన్న షరతు పెట్టించే దాకా ఆమె వదల్లేదు. అలాంటి కొత్త ఊరు వాల్ట్‌హిల్‌లోనే ఆ ఏడాది ఇల్లు కట్టుకున్నారు. అక్క మార్గరెట్ ఇల్లూ అక్కడే.

ఇక భూమి సంగతి. వైద్యం గురించి చెబుతూ భూమిలోకి ఎందుకు పోతున్నామంటే, ఒమాహా రోగి జేబులో డబ్బు లేకపోవడానికి కారణం పేదరికం ఒక్కటే కాదు. 1882లో చట్టం చేసి తెగ భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచారు. ఆ ముక్కలు పాతికేళ్ళ పాటు ప్రభుత్వం చేతిలో ధర్మకర్తృత్వంలో ఉంటాయన్నారు. మోసగాళ్ళు కొట్టేయకుండా కాపాడడానికని చెప్పారు. ఆచరణలో ఏమైందంటే, భూమి తనదే, కౌలు డబ్బు తనదే, కానీ అందులోంచి నాలుగు డాలర్లు కావాలన్నా అర్జీ పెట్టుకోవాలి. అర్జీ ఏజెంటు దగ్గరికి, అక్కడి నుంచి వాషింగ్టన్‌కు, మళ్ళీ వెనక్కి. ఈ లోపల జబ్బు మనిషికి జరగాల్సింది జరిగిపోతుంది. పేరున డబ్బు ఉండి, పాలూ మందూ కొనుక్కోలేక పడి ఉన్న ముసలివాళ్ళ గురించి డాక్టరమ్మ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు.

పాతికేళ్ళు అయ్యాక 1909లో ప్రభుత్వం ఆ గడువును మరో పదేళ్ళు పెంచింది. తెగ భగ్గుమంది. వాషింగ్టన్‌కు వెళ్ళే బృందంలో డాక్టరమ్మ ఉండాలని పట్టుబట్టారు. ఆమె అప్పుడు చాలా జబ్బుగా ఉన్నారు. రానంటే ఎత్తుకెళ్ళి రైలెక్కిస్తామన్నంత దాకా వెళ్ళిందట మాట. 1910లో వెళ్ళారు, పెద్ద అధికారుల ముందు కూర్చుని తెగ తరఫున మాట్లాడారు. తెగలో ఎక్కువమందికి సొంత డబ్బు మీదా భూమి మీదా అధికారం వచ్చింది. ఇది పూర్తి విజయమని మేము రాయలేం. ఆ అధికారం వచ్చిన భూముల్లో చాలా భాగం తర్వాత మోసాల్లోనూ అమ్మకాల్లోనూ చేజారిపోయింది. కాపలా ఉంటే ఊపిరాడదు, కాపలా తీస్తే దొంగలు పడతారు. భూ బదలాయింపు చట్టం కింద బతుకుతున్న మనకు ఈ చిక్కు కొత్తది కాదు.

అదే కాలంలో ఊరి ఆరోగ్యం మీద ఆమె పట్టిన పట్టు చూడండి. బళ్ళలో, రైల్వే స్టేషన్లలో అందరూ ఒకే గ్లాసుతో నీళ్ళు తాగేవారు. క్షయ అలా పాకుతుందని చెప్పి ఆ ఉమ్మడి గ్లాసుకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. ఈగల మీద యుద్ధం ప్రకటించి కిటికీలకు జాలీలు పెట్టించారు. గాలి ఆడేలా కిటికీలు తెరవమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. నెబ్రాస్కా మహిళా క్లబ్బుల సమాఖ్యలో ఆరోగ్య కమిటీకి అధ్యక్షత వహించారు, జిల్లా వైద్యుల సంఘంలో పనిచేశారు. ఆసుపత్రి లేనివాడికి చవకైన వైద్యం ఏమిటంటే జబ్బు రాకుండా చూసుకోవడమే. ఒక గ్లాసు, ఒక జాలీ, తెరిచిన ఒక కిటికీ. వీటికి ఎవరి సంతకం అక్కర్లేదు.

అన్నింటిలోనూ ఆమె చెప్పిందే ఒప్పని మేము అనడం లేదు. పెయోటీ అనే మొక్కను ప్రసాదంగా తీసుకునే కొత్త ఆరాధన ఒమాహాల్లోకి వచ్చినప్పుడు, ఇదీ ఒక మత్తేనని మొదట్లో గట్టిగా వ్యతిరేకించారు. ఆ దారిలో వెళ్ళినవాళ్ళు సారా మానేయడం కళ్ళారా చూశాక ఆ వ్యతిరేకత మెత్తబడింది. ఆమె స్వయంగా ప్రెస్బిటీరియన్ క్రైస్తవురాలు, ఆ చర్చి తరఫున తెగలో పనిచేశారు కూడా. సొంత నమ్మకం పక్కన పెట్టి ఎదుట కనబడుతున్నదాన్ని చూడగలగడం చిన్న సంగతి కాదు.

ఎన్ని చేసినా ఒక లోటు అలాగే మిగిలింది. ఆపరేషన్ కావాల్సిన మనిషిని, కాన్పు అడ్డం తిరిగిన తల్లిని పెట్టుకోవడానికి రిజర్వేషన్‌లో ఒక్క మంచం లేదు. దూరపు పట్నానికి తీసుకెళ్ళాలి. దారిలోనే పోయినవాళ్ళు ఎందరో. ఆసుపత్రి కట్టమని ప్రభుత్వాన్ని అడిగితే డబ్బు లేదన్నారు. అప్పటికి డాక్టరమ్మకు యాభై దగ్గర పడుతోంది, చెవి దాదాపు వినపడదు, నొప్పి వదలదు.

ఆమె ఏం చేశారంటే, ఎవరి దగ్గర ఏముందో చూసి వాళ్ళను అది అడిగారు. ప్రెస్బిటీరియన్ మిషన్ బోర్డును అడిగితే 8,000 డాలర్లు ఇచ్చింది. క్వేకర్లు 500 ఇచ్చారు. స్థలం కావాలంటే మార్గరెట్, ఆమె భర్త వాల్టర్ డిడాక్ ఒక ఎకరం రాసిచ్చారు. మంచాలు, పరుపులు, పనిముట్ల కోసం పాటల కచేరీలు పెట్టి టిక్కెట్లు అమ్మారు. 1913 జనవరిలో వాల్ట్‌హిల్ గుట్ట మీద ఆసుపత్రి తలుపులు తెరిచారు. ప్రభుత్వం పైసా లేకుండా రిజర్వేషన్ మీద లేచిన మొదటి ఆసుపత్రి అది. సాధారణ వార్డులు, కాన్పుల గది, ఆపరేషన్ గది, వెలుతురు బాగా వచ్చే పెద్ద కిటికీలు, గాలికి కూర్చునే వసారా. ఆదివాసీలకూ తెల్లవాళ్ళకూ ఒకే తలుపు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఒకే తలుపు అన్నది ఎంత పెద్ద మాటో చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు.

మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ లెక్కను ఒకసారి జాగ్రత్తగా చూడాలని మా కోరిక. ఒక చర్చి, ఇంకో చర్చి, సొంత అక్క, ఊరి పాటగాళ్ళు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం లేదు. మొత్తం ఇచ్చేవాడి కోసం ఎదురుచూసి ఉంటే ఆసుపత్రి ఉండేది కాదు. అలాగని ప్రభుత్వాన్ని ఆమె వదిలిపెట్టిందీ లేదు, తెగకు రావాల్సింది అడుగుతూనే వచ్చారు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరకాల్సిన మందు బయట కొనుక్కోమంటే తలూపి వచ్చేసే అలవాటు మనలో ఇంకా ఉంది. ఆరోగ్యశ్రీ కింద ఏ జబ్బుకు వైద్యం ఉందో, ఏ ఆసుపత్రిలో ఉందో అడిగి తెలుసుకోకుండా ముందే అప్పు చేసే ఇళ్ళు ఉన్నాయి. అడగడానికి తోడు వెళ్ళేవాళ్ళు లేకే ఇదంతా. డాక్టరమ్మ మందుతో పాటు అర్జీ కూడా రాసిపెట్టింది ఇందుకే.

సొంత ఆసుపత్రిలో ఆమె ఎక్కువ కాలం పనిచేయలేకపోయారు. ఎన్నో ఏళ్ళుగా చెవిలో, ముఖం ఎముకలో తొలుస్తున్న నొప్పి క్యాన్సరని తేలింది. ఆపరేషన్లు జరిగాయి, గుణం కనిపించలేదు. 1915 సెప్టెంబరు 18న వాల్ట్‌హిల్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. యాభై ఏళ్ళు. ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు. 1940ల దాకా అక్కడ వైద్యం జరిగింది, తర్వాత ఆ భవనం రకరకాల పనులకు వాడుకలో ఉంది. 1993లో దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. ఇటీవలి ఏళ్ళలో మళ్ళీ బాగుచేశారు.

అంత్యక్రియలకు ఒమాహాలూ తెల్లవాళ్ళూ కలిసి వచ్చారు. పాస్టర్లు ఇంగ్లీషులో మాట్లాడారు. అందరూ మాట్లాడాక చివరి ప్రార్థన తెగ పెద్ద ఒకాయన ఒమాహా భాషలో చేశాడు. తర్వాత ఆమెను బాన్‌క్రాఫ్ట్ తీసుకెళ్ళి, హెన్రీ పక్కన పాతిపెట్టారు.